కారు వెనక డ్రమ్ బ్రేకుల అడ్జస్ట్‌మెంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులున్న కారును సొంతంగా చూసుకునేవాళ్లకూ, మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు విషయం తెలుసుకోవాలనుకునేవాళ్లకూ మాటిమాటికీ వచ్చే ప్రశ్నలివి. చాలా జవాబుల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ముందు షూలు, ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్. ఈ వరస తప్పడం వల్ల పాడైన బ్రేకులు చాలా చూశాను, అందుకే చెప్పిందే చెప్పడానికి వెనకాడలేదు.

డ్రమ్ బ్రేకును అడ్జస్ట్ చేయడమంటే అసలు ఏం చేస్తారు?

డ్రమ్ అంటే చక్రంతోపాటు తిరిగే ఇనప గిన్నె. దాని లోపల, తిరగకుండా స్థిరంగా ఉండే బ్యాకింగ్ ప్లేట్ మీద, నెలవంక ఆకారంలో రెండు బ్రేక్ షూలుంటాయి. పెడల్ తొక్కితే వీల్ సిలిండర్‌లోని పిస్టన్లు ఆ షూలను బయటికి నెడతాయి. షూలకు అతికించిన లైనింగ్ డ్రమ్ లోపలి గోడను ఒరుసుకుని చక్రాన్ని ఆపుతుంది. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి.

చిక్కంతా ఆ వెనక్కి లాగడంలోనే ఉంది. డిస్క్ బ్రేకులో ప్యాడ్ అరిగితే పిస్టన్ ఆ మేరకు ముందుకు జరిగి అక్కడే ఉండిపోతుంది. అడ్జస్ట్‌మెంట్ దానంతటదే జరిగిపోతుంది. డ్రమ్ బ్రేకులో అలా కాదు. లైనింగ్ ఎంత అరిగినా స్ప్రింగులు షూలను ప్రతిసారీ పాత చోటికే తెస్తాయి. అరిగినకొద్దీ షూకూ డ్రమ్‌కూ మధ్య ఖాళీ పెరుగుతుంది, పెడల్ మరింత కిందికి వెళ్తుంది. కాబట్టి ఆ పాత చోటునే కాస్త బయటికి జరపాలి. రెండు షూల మధ్య ఒక కడ్డీ ఉంటుంది, దాని మీద మరలూ, పళ్లున్న చిన్న చక్రమూ ఉంటాయి. దాన్ని స్టార్ వీల్ అంటారు. దాన్ని తిప్పితే కడ్డీ పొడవు పెరిగి షూలు డ్రమ్‌కు దగ్గరవుతాయి. మనం సరిచేసేది చాలా చిన్న ఖాళీని: డ్రమ్ లోపలి వ్యాసానికీ, షూల బయటి వ్యాసానికీ మధ్య తేడా అర మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటే సరిపోతుంది.

అడ్జస్ట్‌మెంట్ అవసరమని ఎలా తెలుస్తుంది?

పెడల్ ముందుకన్నా లోతుగా వెళ్తోంది. హ్యాండ్‌బ్రేక్ లివర్ ఎప్పటికన్నా నాలుగైదు టిక్కులు ఎక్కువ ఎత్తితే గానీ పట్టడం లేదు. వాలులో ఆపితే కారు నెమ్మదిగా జారుతోంది. ఇవి మామూలు గుర్తులు.

వీటిని నిర్ధారించుకోవడానికి కారు ఆపి ఉంచి చేసే పరీక్షలు రెండున్నాయి. మొదటిది, ఇంజను ఆన్‌లో ఉంచి పెడల్‌ను ఒకసారి తొక్కి ఎక్కడ ఆగిందో చూడండి. కాలు తీసి వెంటనే రెండు మూడుసార్లు గబగబా తొక్కండి. పెడల్ పైకి వచ్చి గట్టిగా నిలబడితే షూల ఖాళీ ఎక్కువైందని అనుమానించాలి. రెండోది నాకు ఇంకా నమ్మకమైనది. హ్యాండ్‌బ్రేక్‌ను కాస్త ఎత్తి పట్టుకుని పెడల్ తొక్కండి. ఎత్తనప్పటికన్నా పెడల్ బాగా పైన ఆగితే తప్పు వెనక షూలదే. ఎందుకంటే హ్యాండ్‌బ్రేక్ షూలను ముందే డ్రమ్ దగ్గరికి తెచ్చింది, పెడల్ కిందికి వెళ్లాల్సిన దూరం తగ్గింది.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే మాత్రం అది వేరే కథ, బ్రేక్ ఆయిల్ వెళ్లే లైన్లో గాలి చేరి ఉండొచ్చు. అదిమి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి దిగిపోతోందంటే పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ పాడైందో, ఎక్కడో లీకవుతోందో. ఈ రెండింటికీ అడ్జస్ట్‌మెంట్ మందు కాదు. ముఖ్యంగా రెండోదానితో కారు రోడ్డు మీదికి తీయొద్దు.

మా కారులో ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉంది. ఇంకా చేత్తో చేయాలా?

అది సరిగ్గా పనిచేస్తున్నంత కాలం అక్కర్లేదు. ఇటీవలి కార్లన్నింటిలో దాదాపుగా ఈ ఏర్పాటు ఉంటుంది. ఒక చిన్న లివర్, అంటే పాల్, స్టార్ వీల్ పళ్ల మీద ఆనుకుని ఉంటుంది. షూలు మామూలుకన్నా ఎక్కువ దూరం కదిలితే ఆ లివర్ ఒక పన్ను దాటి, తిరిగి వచ్చేటప్పుడు చక్రాన్ని ఆ ఒక్క పన్ను మేరకు తిప్పుతుంది. చాలా చిన్న కార్లలో ఇది మామూలుగా బ్రేకు తొక్కినప్పుడే జరుగుతుంది. కొన్నింటిలో హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడు జరుగుతుంది. రెండు షూలూ ఒకదాన్నొకటి నెట్టుకునే డ్యూయో సర్వో రకంలో రివర్స్‌లో వెళ్తూ బ్రేకు తొక్కినప్పుడు జరుగుతుంది. ఆటోమేటిక్ గేరున్న కారును ఎప్పుడూ పార్క్‌లో పెట్టి వదిలేసి, హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోనివాళ్ల కార్లలో హ్యాండ్‌బ్రేక్‌తో సర్దుకునే రకం అడ్జస్టర్ వెనకబడిపోవడానికి ఇదొక కారణం.

అన్నింటిలో స్టార్ వీల్ ఉండదు. పాత ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ లాంటి కార్లలో స్ప్రింగు లాగే ఒక ఇనప చీలిక ఉంటుంది, షూలు అరిగినకొద్దీ అది కిందికి దిగి ఖాళీ పూడుస్తుంది. కొన్నింటిలో పళ్లున్న పట్టీ తనంతట జరుగుతుంది. వీటిలో బయటి నుంచి తిప్పడానికి ఏమీ ఉండదు. డ్రమ్ బిగించాక పెడల్ చాలాసార్లు తొక్కితే అదే సర్దుకుంటుంది. పాత మినీలో దానికి పూర్తిగా విరుద్ధం: బ్యాకింగ్ ప్లేట్ వెనక నాలుగు పలకల అడ్జస్టర్ ఉంటుంది, అంతా చేత్తోనే. మీ కారులో ఏ రకముందో సర్వీస్ మాన్యువల్ చూసి తెలుసుకోండి. తెలియకుండా స్క్రూడ్రైవర్ దూర్చకండి.

స్టార్ వీల్ మరలకు తుప్పు పట్టినా, దుమ్ము గడ్డకట్టినా, పాల్ అంచు అరిగినా ఆటోమేటిక్ అన్న మాట పేరుకే మిగులుతుంది. అలాంటప్పుడు చేత్తో తిప్పి వదిలేస్తే మళ్లీ కొన్ని నెలల్లో అదే పరిస్థితి. విప్పి, శుభ్రం చేసి, అడ్జస్టర్‌ను మళ్లీ పనిచేయించడమే అసలు రిపేరు.

హ్యాండ్‌బ్రేక్ ఎత్తుకు వస్తోంది. కేబుల్ బిగిస్తే సరిపోదా?

సరిపోదు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కేబుల్ నట్టు బిగించడం రెండు నిమిషాల పని, చక్రం విప్పనక్కర్లేదు, లివర్ వెంటనే కిందికి వస్తుంది. పైగా పెడల్ కూడా కాస్త పైకి వస్తుంది. సమస్య తీరినట్టే అనిపిస్తుంది.

లోపల జరిగేది వేరు. డ్రమ్ లోపల ఒక షూకు హ్యాండ్‌బ్రేక్ లివర్ తగిలించి ఉంటుంది. కేబుల్ వదులుగా ఉన్నప్పుడు ఆ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చి షూ మీద ఆనుకోవాలి. కేబుల్‌ను అతిగా బిగిస్తే అది ఎప్పుడూ సగం లాగినట్టే ఉండిపోతుంది. అప్పుడు షూలు తమ చోట కూర్చోవు, కడ్డీ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, అడ్జస్టర్ లివర్‌కు పన్ను దాటేంత కదలిక దొరకదు. అంటే మనం చేతులారా ఆటోమేటిక్ అడ్జస్టర్‌ను ఆపేసినట్టు. లైనింగ్ అరుగుతూనే ఉంటుంది, చేత్తో ఎత్తే లివర్ మళ్లీ ఎత్తుకు వస్తుంది, మళ్లీ కేబుల్ బిగిస్తారు. చివరికి బిగించడానికి మర మిగలదు.

నా కారుకే ఇది జరిగింది. హ్యాండ్‌బ్రేక్ ఎత్తుకు వస్తోందని చెబితే ఒక గ్యారేజీలో కేబుల్ బిగించి ఇచ్చారు. బాగానే ఉందనుకున్నాను. కొన్ని నెలల తర్వాత అనుమానం వచ్చి డ్రమ్ విప్పితే కుడివైపు స్టార్ వీల్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, ముందు షూ లైనింగ్ దాదాపు రివెట్ల దాకా అరిగిపోయింది. నెలల తరబడి ఆ స్థితిలో ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరిగానన్న విషయం ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు చెప్పేది ఇదే: కేబుల్ అనేది షూ అరుగుదలను సర్దడానికి కాదు, కేబుల్ సాగితే సర్దడానికి.

ఏమేం సామాన్లు కావాలి?

జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు, వీల్ స్పానర్, టార్క్ రెంచ్. స్టార్ వీల్ తిప్పడానికి చదునైన స్క్రూడ్రైవర్ ఒకటి, లేదా ఇందుకోసమే వంచి చేసిన బ్రేక్ స్పూన్. పాల్‌ను పక్కకు నెట్టి పట్టుకోవడానికి ఇంకో సన్నని స్క్రూడ్రైవర్. టార్చి. బ్రేక్ క్లీనర్ స్ప్రే, వేడిని తట్టుకునే బ్రేక్ గ్రీజు, మంచి మాస్కు, చేతికి గ్లవుజులు. స్ప్రింగులు విప్పే పని కూడా పెట్టుకుంటే కళ్లద్దాలు తప్పనిసరి.

కారును ఎలా ఎత్తాలి?

చదునైన గట్టి నేల మీద ఆపండి. ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. ఈ పనికి హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి, అందుకే దిమ్మలు లేకుండా మొదలుపెట్టడం ప్రమాదం. ముందు చక్రాలతో నడిచే కారైతే మొదటి గేరులో ఉంచొచ్చు. వెనక చక్రాలతో నడిచేదైతే చక్రం తిప్పి చూడాలి కాబట్టి న్యూట్రల్ తప్పదు, దిమ్మల మీదే ఆధారం. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, తర్వాత ఎత్తండి. మాన్యువల్ చూపిన చోట స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దించండి.

జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కింద చెయ్యి కూడా పెట్టొద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు.

అడ్జస్ట్ చేసే పద్ధతి చెప్పండి.

మొదట హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించండి. కేబుల్ బిగువుగా ఉందనిపిస్తే దాని అడ్జస్టింగ్ నట్టును వదులు చేయండి. షూల పని మొదలయ్యేసరికి కేబుల్ ఏ మాత్రం లాగుతూ ఉండకూడదు.

బ్యాకింగ్ ప్లేట్ వెనక ఒక రబ్బరు మూత ఉంటుంది. దాన్ని తీస్తే కోలగా ఉన్న రంధ్రం, టార్చి వేస్తే లోపల స్టార్ వీల్ పళ్లు కనిపిస్తాయి. కొన్ని కార్లలో ఈ రంధ్రం డ్రమ్ ముఖం మీదే ఉంటుంది. అప్పుడు చక్రం విప్పి, డ్రమ్‌ను తిప్పుతూ రంధ్రాన్ని స్టార్ వీల్ ఎదురుగా తెచ్చుకోవాలి.

స్క్రూడ్రైవర్ మొనను ఒక పన్ను మీద ఆనించి, రంధ్రం అంచును ఆసరాగా చేసుకుని మీటండి. టక్కుమని ఒక పన్ను కదులుతుంది. మూడు నాలుగు పళ్లు తిప్పి చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ఇలా మీటుతూ, తిప్పుతూ, చక్రం చేతికి కదలనంత బిగుసుకునేదాకా వెళ్లండి. దీనివల్ల షూలు డ్రమ్‌లో నడిమధ్యకు వచ్చి కూర్చుంటాయి. కారెక్కి పెడల్‌ను రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి వదలండి. చక్రం మళ్లీ కొంచెం వదులైతే ఇంకో రెండు పళ్లు బిగించండి.

ఇక వెనక్కి తిప్పాలి. ఇక్కడ ఓపిక కావాలి. ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉన్న బ్రేకులో పాల్ అడ్డం పడుతుంది. సన్నని స్క్రూడ్రైవర్‌తో దాన్ని పన్ను నుంచి కాస్త ఎడం చేసి పట్టుకుని, రెండో చేత్తో స్టార్ వీల్‌ను వెనక్కి మీటాలి. బలవంతంగా తిప్పితే పళ్ల అంచులు, పాల్ మొన చెడిపోతాయి. చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ, లోపల సన్నగా సరసరమన్న చప్పుడు మాత్రమే వినిపించే చోట ఆగండి. రెండోవైపు కూడా ఇలాగే చేయండి. రబ్బరు మూతలు తిరిగి పెట్టడం మర్చిపోవద్దు. అవి లేకపోతే నీళ్లు, ఇసుక నేరుగా స్టార్ వీల్ మీదికే చేరతాయి.

ఏ వైపు తిప్పితే బిగుస్తుందో ఎలా తెలుస్తుంది?

కారు కారుకూ మారుతుంది. ఒకే కారులో ఎడమ, కుడి వైపులకు కూడా తేడా ఉండొచ్చు. తేలిక మార్గం ఇది: పాల్ ఉన్న బ్రేకులో, దేన్నీ ఎత్తిపట్టకుండా టక్కు టక్కుమని సులువుగా తిరిగే వైపు బిగించే వైపు. గట్టిగా అడ్డుకునేది వదులు చేసే వైపు. పాల్ లేని రకంలో నాలుగు పళ్లు ఒకవైపు తిప్పి చక్రం బరువెక్కుతోందా లేదా చూడడమే.

చివరికి ఎంత బిగువుండాలి?

చేత్తో ఒక ఊపు ఊపితే చక్రం దాదాపు ఒక చుట్టు తిరిగి ఆగాలి, ఆ చుట్టంతా రాపిడి చప్పుడు ఒకేలా సన్నగా ఉండాలి. అసలు చప్పుడే లేకపోతే ఇంకో పన్ను బిగించొచ్చు. తిప్పడానికి భుజబలం కావాల్సి వస్తే ఎక్కువైనట్టే. వెనక చక్రాలతో నడిచే కారులో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) బరువు కూడా చేతికి తెలుస్తుంది, దాన్ని బ్రేకు బిగువనుకుని మరీ వదులు చేయకండి.

పళ్ల లెక్క పట్టుకుని ఇంత అని చెప్పడం నాకిష్టం లేదు. ఒక్కో స్టార్ వీల్ మర ఒక్కో రకం. ఈ విషయంలో చెయ్యి, చెవి చెప్పేదే నమ్మాలి. అన్నిటికన్నా ముఖ్యం రెండువైపులా ఒకేలా ఉండడం. ఎడమ చక్రం తిప్పినప్పుడు ఎలా అనిపించిందో గుర్తుపెట్టుకుని కుడి చక్రాన్నీ అక్కడికే తీసుకురండి.

చక్రం తిప్పితే ఒకేచోట బరువుగా ఆగుతోంది, మిగతా చోట్ల వదులుగా ఉంది. ఎందుకు?

డ్రమ్ గుండ్రం తప్పి ఉంటుంది, లేదా డ్రమ్‌కూ, అది కూర్చునే హబ్‌కూ మధ్య తుప్పు పెచ్చు చిక్కుకుని వంకరగా కూర్చుని ఉంటుంది. ముందు రెండోది చూడండి. డ్రమ్ తీసి, హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ పెడితే చాలాసార్లు పోతుంది. వీల్ నట్లను హద్దు మించి, ఒక వరస లేకుండా బిగించినా డ్రమ్ వంగే అవకాశముంది. బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలి కింద తంతున్నట్టు ఉంటే డ్రమ్ గుండ్రం తప్పి ఉండొచ్చు. దాన్ని లేత్ మీద సాపు చేయించాలి, లేదా మార్చాలి. అంత తీవ్రంగా లేకపోతే, బిగువుగా ఉన్న చోటును కొలతగా పెట్టుకుని అక్కడ చక్రం పట్టేయనంతవరకు అడ్జస్ట్ చేయండి.

డ్రమ్ ఊడి రావడం లేదు. సుత్తితో కొట్టొచ్చా?

ముందు కారణం తెలుసుకోండి. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దిగి ఉందా? డ్రమ్ ముఖం మీద పట్టి ఉంచే చిన్న స్క్రూలు తీశారా? చాలా డ్రమ్ముల మీద మరలున్న రెండు ఖాళీ రంధ్రాలుంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు వేసి రెండింటినీ సమంగా, కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్ తనంతట బయటికి వస్తుంది. తుప్పు ఉంటే హబ్ చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగండి. అది లోపల లైనింగ్ మీదికి పోకుండా కొద్దిగానే వాడండి.

కొంచెం వచ్చి ఆగిపోతోందంటే డ్రమ్ అంచున అరగని గట్టు మిగిలి, దానికి షూలు తగులుకుంటున్నాయని అర్థం. రంధ్రం లోంచి స్టార్ వీల్‌ను వెనక్కి తిప్పి షూలను ముడిస్తే వస్తుంది. లాగి పీకితే షూలను పట్టి ఉంచే పిన్నులు తెగుతాయి. పోత ఇనుము పెళుసు, సుత్తితో అంచు మీద కొడితే ముక్క ఎగిరిపోతుంది.

కొన్ని కార్లలో డ్రమ్‌లోనే బేరింగు కలిసి ఉంటుంది, మధ్యలో పెద్ద నట్టు విప్పితే గానీ రాదు. ఆ నట్టును తిరిగి ఎంత బిగించాలన్నది బేరింగు ప్రాణం. మాన్యువల్లో ఉన్న కొలత, కొత్త నట్టు లేదా కొత్త స్ప్లిట్ పిన్ను చేతిలో లేకుండా దాని జోలికి వెళ్లకండి.

డ్రమ్ తీశాక ఏమేం చూడాలి?

లైనింగ్ మందం మొదట. కనీసం ఇంత ఉండాలని మాన్యువల్ చెప్పే అంకె చాలా కార్లలో 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రివెట్లతో బిగించిన లైనింగ్‌కు రివెట్ తల పైనుంచి కొలవాలి, ఇనప పట్టీ నుంచి కాదు. చిన్న కార్లలో ఉండే రకంలో ముందువైపు షూ వెనకదానికన్నా త్వరగా అరుగుతుంది, అది సహజం. కాబట్టి ఎక్కువ అరిగినదాన్నే చూసి నిర్ణయం తీసుకోండి.

డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం అంకె పోత పోసి ఉంటుంది. అరిగి ఆ అంకె దాటితే డ్రమ్ మార్చాల్సిందే, ఎంత బాగా కనిపించినా సరే.

వీల్ సిలిండర్ రెండు కొసల్లో ఉన్న రబ్బరు తొడుగు అంచును మెల్లగా ఎత్తండి. లోపల తడి ఉంటే సిలిండర్ లీకవుతోంది. బ్రేక్ ఆయిల్ గానీ గ్రీజు గానీ పీల్చుకున్న లైనింగ్‌ను ఎంత కడిగినా నమ్మలేం. లీకు బాగుచేసి షూలను రెండువైపులా మార్చాలి, ఒక్కవైపు మాత్రమే మారిస్తే బ్రేకు సమంగా పట్టదు.

స్టార్ వీల్‌ను చేత్తో తిప్పి చూడండి. వేళ్లతో హాయిగా తిరగాలి. లేకపోతే బయటికి తీసి, మరలు బ్రష్‌తో శుభ్రం చేసి, కొద్దిగా బ్రేక్ గ్రీజు పెట్టండి. బ్యాకింగ్ ప్లేట్ మీద షూ అంచులు ఆనుకునే చిన్న ఉబ్బులుంటాయి, వాటికీ గ్రీజు పూత చాలు. లైనింగ్‌కూ డ్రమ్‌కూ అంటకూడదు.

ఇంకో హెచ్చరిక. ఒకసారికి ఒకవైపే విప్పి పని చేయడం మంచిది. రెండోవైపు చూసి స్ప్రింగులు ఎలా ఉన్నాయో పోల్చుకోవచ్చు. అంతకన్నా పెద్ద కారణం, ఎడమ, కుడి అడ్జస్టర్లలో ఒకదానికి ఎడమ మర, ఇంకోదానికి కుడి మర ఉంటుంది. అవి తారుమారైతే బ్రేకు తొక్కిన ప్రతిసారీ అడ్జస్టర్ బిగించాల్సింది పోయి వదులు చేస్తుంది. ఇది చూడ్డానికి అసలు కనిపించని తప్పు.

లోపలి దుమ్మును గాలితో ఊదేయొచ్చా?

వద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఇప్పటి లైనింగుల దుమ్ము కూడా పీల్చదగ్గది కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి, కింద పెట్టిన పళ్లెంలోకి కారనిచ్చి, గుడ్డతో తుడవండి. మాస్కు తీయకండి.

డ్రమ్ తీసి ఉండగా పెడల్ తొక్కితే?

పిస్టన్లు సిలిండర్ లోంచి బయటికి వచ్చేస్తాయి, ఆయిల్ కారిపోతుంది, గాలి చేరుతుంది. కారులో ఇంకెవరైనా ఉంటే ముందే చెప్పి ఉంచండి.

హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఎప్పుడు, ఎంత బిగించాలి?

రెండు చక్రాల షూలు సరిచేసి, పెడల్ పదిసార్లు తొక్కి, అంతా కుదురుకున్నాక చివర్లో. చాలా కార్లకు షూలు సరిచేయగానే లివర్ సరైన చోటికి వచ్చేస్తుంది, కేబుల్ ముట్టుకునే పనే ఉండదు. ఇంకా ఎత్తుకు వస్తుంటేనే నట్టు బిగించండి. ఎన్ని టిక్కులకు పట్టాలో మాన్యువల్ చెబుతుంది, మామూలుగా 4 నుంచి 9 మధ్య ఉంటుంది.

బిగించాక లివర్‌ను పూర్తిగా దించి రెండు చక్రాలూ తిప్పి చూడండి, ముందున్నంత తేలిగ్గానే తిరగాలి. కొంచెం బరువెక్కినా కేబుల్ ఎక్కువ బిగిసినట్టే. ఒక చక్రం పట్టి ఇంకోటి పట్టకపోతే కేబుల్ గొట్టం లోపల తుప్పు పట్టి ఇరుక్కుందేమో చూడాలి. దాన్ని బిగింపుతో సరిచేయలేం.

అడ్జస్ట్ చేశాక చక్రం వేడెక్కుతోంది, కాలిన వాసన వస్తోంది.

షూలు డ్రమ్‌ను వదలడం లేదు. సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు, వేడి ఇనుము పగలొచ్చు. డ్రమ్‌ను ముట్టుకోకుండా చెయ్యి దగ్గరగా పెట్టి రెండువైపుల వేడినీ పోల్చండి. రెండూ వేడిగా ఉంటే కేబుల్ బిగువు గానీ, రెండువైపులా అతిగా చేసిన అడ్జస్ట్‌మెంట్ గానీ కారణం. ఒకటే వేడిగా ఉంటే ఆ వైపు స్టార్ వీల్, బలహీనపడ్డ స్ప్రింగు, బిగుసుకుపోయిన సిలిండర్ పిస్టన్, వెనక్కి రాని కేబుల్, ఈ వరసలో వెతకండి. వేడెక్కిన డ్రమ్ వ్యాకోచించడం వల్ల, లైనింగు పట్టు తగ్గడం వల్ల అవసరమైనప్పుడు బ్రేకు సరిగ్గా పడదు. కాబట్టి ఇంటిదాకా వెళ్లి చూద్దాంలే అనుకోవడం మంచిది కాదు.

వెనక డిస్క్ బ్రేకులే ఉన్నాయి, అయినా హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదు. ఇదంతా వర్తిస్తుందా?

కొన్ని కార్లలో వెనక డిస్క్ మధ్యలోని టోపీ లాంటి భాగంలో చిన్న డ్రమ్, షూలు ఉంటాయి, హ్యాండ్‌బ్రేక్ కోసమే. డిస్క్ ముఖం మీది రంధ్రం లోంచి స్టార్ వీల్ తిప్పాలి. పద్ధతి అదే, వరస కూడా అదే. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా ఏదీ విప్పకూడదు.

కొత్త షూలు వేశాక మళ్లీ అడ్జస్ట్ చేయాలా?

చేయాలి. కొత్త లైనింగ్ మొదట్లో డ్రమ్‌కు అక్కడక్కడే తగులుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక ఎత్తుగా ఉన్న చోట్లు అరిగి అంతా సమంగా ఆనుతుంది, ఆ మేరకు ఖాళీ పెరుగుతుంది. మొదటి రోజుల్లో గట్టి బ్రేకులు వీలైనంత తగ్గించండి. షూలు మార్చే ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా (రిజర్వాయర్) మరీ అంచుదాకా నిండి ఉందేమో చూడండి. అరిగిన షూలతో పిస్టన్లు బయటికి జరిగి ఉంటాయి, మందమైన కొత్త షూలు వాటిని వెనక్కి నెట్టగానే పైకి పొంగే అవకాశముంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది.

రోడ్డు మీదికి తీసే ముందు ఏం చేయాలి?

వీల్ నట్లను ఎదురెదురు వరసలో టార్క్ రెంచ్‌తోనే బిగించండి. కారు కదలక ముందే పెడల్ గట్టిగా నిలుస్తోందా చూడండి. మనుషులు, బండ్లు లేని చోట నడక వేగంతో ఒకసారి, తర్వాత 20, 30 కిలోమీటర్ల వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూడండి. కారు పక్కకు లాగకూడదు, వెనక చక్రం ఒకటే జారకూడదు. చిన్న వాలులో హ్యాండ్‌బ్రేక్ పరీక్షించండి, కాలు పెడల్ మీద సిద్ధంగా ఉంచుకుని. నాలుగైదు కిలోమీటర్లు తిరిగి వచ్చి వెనక చక్రాల వేడి పోల్చండి. ఓ 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్ల బిగువు మళ్లీ ఒకసారి చూడండి.

మెకానిక్‌తోనే చేయించుకుంటాను. ఏం అడగాలి?

రెండు డ్రమ్ములూ విప్పి చూడమనండి. లైనింగ్ ఎంత మిగిలిందో, సిలిండర్ పొడిగా ఉందో లేదో, స్టార్ వీల్ రెండువైపులా తిరుగుతోందో లేదో చెప్పమనండి, వీలైతే దగ్గరుండి చూడండి. కేబుల్ బిగించారా అని కూడా అడగండి. బిగించామంటే, షూలు సరిచేశాకా, చేయకముందా అన్నది రెండో ప్రశ్న.